చైన్ టీ షాపులో తాగదగ్గ టీ రాబట్టడం ఎలా: ఆర్డర్ దగ్గర్నుంచి ఫిర్యాదు దాకా

గోడ మీద మెనూలో 30 రకాల టీలు, షెల్ఫులో వరసగా డబ్బాలు, ఒక డబ్బా మూత తీసి వాసన చూపిస్తే ప్రాణం లేచొస్తుంది. తీరా కప్పు చేతికొచ్చాక చూస్తే వేడినీళ్లకి రంగేసినట్టు ఉంటుంది, లేకపోతే ఒక్క గుక్కకే నోరు పిడచకట్టుకుపోతుంది. చాలా ఏళ్లు నేను తప్పంతా ఆకుదే అనుకున్నాను. ఒకసారి బాగా నిరాశపరిచిన టీ ఆకునే అదే షాపులో చిన్న ప్యాకెట్ కొనుక్కొచ్చి ఇంట్లో చేసుకుంటే, అసలు ఇది ఆ టీయేనా అనిపించేంత బాగుంది. అప్పట్నుంచి ఏ షాపుకెళ్లినా మూడే మూడు విషయాలు చూస్తున్నాను: ఎంత ఆకు వేశారు, నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయి, ఎంతసేపు నాననిచ్చారు. షాపుల్లో టీ చెడేది ఎక్కువగా ఈ మూడింటి దగ్గరే. వీటిలో చాలావరకు మనం కౌంటర్ దగ్గర అడిగి సరిచేయించుకోవచ్చు, కాకపోతే కప్పు తయారవ్వకముందే అడగాలి.

అడుగు 1: ఏం చెడిందో పేరుపెట్టి చెప్పగలగాలి

"టీ బాలేదండీ" అంటే అవతలివాళ్లు చేయగలిగింది ఏమీ ఉండదు, ఇంకో కప్పు అలాంటిదే ఇస్తారు. కాబట్టి ముందు మన నాలుకకి తేడా తెలియాలి.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది చప్పదనం. దీనికి లెక్క చాలా సింపుల్. టీ రుచి చూసేవాళ్ల కోసం ఐఎస్ఓ 3103 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది, 1980లో మొదటిసారి వచ్చింది. అందులో 100 మి.లీ. మరిగే నీళ్లకి 2 గ్రాముల ఆకు, 6 నిమిషాలు నానబెట్టాలి. అది ఆకుల్ని ఒకదానితో ఒకటి పోల్చి చూడటానికి పెట్టుకున్న పద్ధతి, రోజూ తాగడానికి చాలామందికి ఘాటుగానే ఉంటుంది. ఇంట్లో మనం 200 మి.లీ.కి ఒక 2 గ్రాములు వేసుకుంటే సరిపోతుంది. మామూలు టీ బ్యాగ్‌లో ఉండేది కూడా ఇంచుమించు ఆ 2 గ్రాములే. ఇప్పుడు షాపులో పెద్ద సైజు కప్పు తీసుకున్నారనుకోండి, అది 480 మి.లీ. దాకా ఉండొచ్చు, అందులోనూ ఒకటే బ్యాగ్ వేస్తే ఆకు ఇంట్లో వేసుకునేదాంట్లో సగం కూడా లేనట్టే. ఇక ఎంతసేపు నానబెట్టినా అది చిక్కబడదు, లేని సారం ఎక్కడ్నుంచి దిగుతుంది?

రెండోది చేదు, వగరు. ఈ రెండూ ఒకటి కాదు. వగరు అనేది నిజానికి రుచి కంటే స్పర్శ, నాలుకా బుగ్గల లోపలా ఎండిపోయి గరగరలాడినట్టు ఉంటుంది. ఆకులో ఉండే పాలీఫినాల్స్ అనే పదార్థాలు లాలాజలంలోని ప్రొటీన్లతో కలవడం వల్ల అలా అవుతుంది. గ్రీన్ టీ మీద మరిగే నీళ్లు పోసినా, బ్లాక్ టీ బ్యాగ్‌ని తీయకుండా పావుగంట అలా వదిలేసినా, చివర్లో బ్యాగ్‌ని చెంచాతో గట్టిగా పిండినా ఇదే జరుగుతుంది.

మూడోది పాతబడ్డ రుచి. టీ ముదురు రంగులో ఉంటుంది, వగరూ ఉంటుంది, కానీ వాసన మాత్రం ఉండదు. పొద్దున చేసి పెద్ద డిస్పెన్సర్‌లో వేడిగా ఉంచేసిన టీ అలాగే ఉంటుంది. సువాసన ఇచ్చేవి త్వరగా ఆవిరైపోతాయి, వగరు మాత్రం ఎక్కడికీ పోదు.

నీళ్ల దోషం నాలుగోది. పైన నూనెలా మెరిసే పలచని తెట్టు కనిపిస్తే ఎక్కువగా నీళ్లలోని కాల్షియం వల్లే, అది కప్పు కడగకపోవడం కాదు. క్లోరిన్ వాసన వస్తే ఫిల్టర్ సంగతి అడగాల్సిందే.

ఒక జాగ్రత్త, రంగు చూసి మాత్రం తీర్పు ఇవ్వొద్దు. నిమ్మరసం పడితే టీ రంగు తేలిపోతుంది, కానీ బలం తగ్గదు. గ్రీన్ టీకీ బ్లాక్ టీకీ మధ్యరకమైన ఊలాంగ్‌లు కొన్ని, వైట్ టీలు లేత రంగులోనే ఎంతో రుచిగా ఉంటాయి. సన్నపొడి ఉన్న బ్యాగ్ అర నిమిషంలోనే ముదురు రంగు వదులుతుంది, అంతమాత్రాన అది తయారైనట్టు కాదు.

అడుగు 2: లైన్లో నిలబడ్డప్పుడే షాపుని చూడండి

ఎలాగూ రెండు మూడు నిమిషాలు నిలబడతాం కదా, ఫోన్ జేబులో పెట్టి కౌంటర్ వెనక ఏం జరుగుతోందో చూడండి. నీళ్లు ఎక్కడ్నుంచి పడుతున్నారు? కాఫీ మెషీన్ పక్కనున్న ఒకే ఒక్క కుళాయి నుంచే అన్ని టీలకీ పడుతుంటే రెండు సంగతులు తెలిసినట్టే. ఒకటి, గ్రీన్ టీకీ బ్లాక్ టీకీ ఒకే వేడి. రెండు, ఆ వేడి బ్లాక్ టీకి తక్కువయ్యే అవకాశం ఉంది, ఎందుకంటే కాఫీ దిగడానికి 90 నుంచి 96 డిగ్రీల సెల్సియస్ చాలు, కాఫీ ప్రధానంగా నడిచే చోట అంతకుమించి వేడి చేయాల్సిన అవసరం ఎవరికీ కనిపించదు. పైగా కుళాయి నుంచి చల్లటి కప్పులోకి పడేసరికి ఇంకొన్ని డిగ్రీలు పోతాయి.

వేర్వేరు వేడి పెట్టుకోగలిగే కెటిళ్లు, టైమర్లు కనిపిస్తే ధైర్యంగా ఆకు టీ ఆర్డర్ చేయొచ్చు. ఆకు నిల్వ కూడా చూడండి. ఎండ పడే కిటికీలో గాజు సీసాల్లో పెట్టిన ఆకు చూడ్డానికి అందంగా ఉంటుంది కానీ వెలుతురు, గాలి, తేమ, వేడి నాలుగూ టీకి శత్రువులే. డిస్పెన్సర్ల మీద ఎన్ని గంటలకి చేశారో రాసిన స్టిక్కర్ ఉంటే ఆ షాపులో ఎవరో ఒకరు పట్టించుకుంటున్నారని నాకు నమ్మకం కుదురుతుంది.

అడుగు 3: ఆ షాపు బాగా చేయగలిగిందే ఎంచుకోండి

ఇది కొంచెం రాజీపడినట్టు అనిపించొచ్చు, కానీ కప్పు బాగుండాలంటే ఇదే దారి. నీళ్లు ఒకే వేడిలో దొరికే చోట గ్రీన్ టీ అడగడం అంటే చేదుని అడిగి తెచ్చుకోవడమే. గ్రీన్ టీకి 70 నుంచి 80 డిగ్రీలు సరిపోతాయి, గ్యోకురో లాంటి జపాన్ రకాలకైతే 50, 60 దగ్గరే తియ్యదనం బయటపడుతుంది. ఊలాంగ్‌కి 85 నుంచి 95 దాకా పర్వాలేదు కాబట్టి కాఫీ కుళాయి నీళ్లతో బాగా కుదిరేది నిజానికి ఊలాంగే. ఆ వేడి సరిపోక డార్జిలింగ్ లాంటి సున్నితమైన బ్లాక్ టీలో పరిమళం పూర్తిగా విచ్చుకోదు, అస్సాం బ్యాగ్ అయితే సన్నపొడి కాబట్టి కొంత నెట్టుకొస్తుంది. చామంతి, పుదీనా, రూయిబోస్ (దక్షిణాఫ్రికాలో పెరిగే ఒక పొద ఆకు) లాంటివి అసలు టీ మొక్క నుంచి వచ్చినవే కావు, 8, 10 నిమిషాలు నానినా వగరెక్కవు. షాపు మీద బొత్తిగా నమ్మకం లేనప్పుడు నేను రూయిబోస్ తీసుకుంటాను, దాన్ని చెడగొట్టడం కష్టం.

డబ్బా వాసన చూసి మోసపోవద్దని కూడా చెప్పాలి. పండ్ల ముక్కలు, రంగురంగుల పూలరేకులు, గుప్పుమనే సువాసన ఉన్న మిశ్రమాల్లో చాలావరకు అదనంగా కలిపిన ఫ్లేవరే ఉంటుంది. అది ముక్కుకి తెలిసినంతగా నాలుకకి తెలియదు. ఎర్ల్ గ్రే టీలో బెర్గమోట్ అనే నిమ్మజాతి పండు నూనె కలపడం, మల్లెపూలతో ఆకుని పొరలు పొరలుగా ఉంచి వాసన పట్టించడం పాత పద్ధతులే, వాటిని తప్పుపట్టను. కానీ ఆ మిశ్రమంలో టీ ఆకు ఎంత ఉందో ఒకసారి చేతిలో పోసి చూపించమనండి. పండ్ల ముక్కలే ఎక్కువుంటే పులుపు తప్ప టీ రుచి రాదు.

అడుగు 4: టీ పేరు ఒక్కటే కాదు, తయారీ కూడా చెప్పి ఆర్డర్ ఇవ్వండి

అన్నిటికంటే ఫలితం ఇచ్చేది ఇదే, మొహమాటంతో మనం అడగకుండా వదిలేసేదీ ఇదే. కౌంటర్‌లో ఉన్నవాళ్లకి ఒక్కో ఆర్డర్‌కి దొరికే టైమ్ చాలా తక్కువ, వెనక లైన్ ఉంటుంది, కాబట్టి చిన్నగా, స్పష్టంగా, మర్యాదగా అడగాలి. నేను వాడే మాటలు ఇవీ.

బ్లాక్ టీ అయితే: "చిన్న సైజు కప్పండీ, ఒక బ్యాగ్, నీళ్లు బాగా మరిగినవి కావాలి, బ్యాగ్ మీద నేరుగా పోయండి. పాలు పక్కన ఇవ్వండి." పెద్ద కప్పే కావాలంటే రెండు బ్యాగులు అడగండి, అదనంగా డబ్బు తీసుకుంటారేమో ముందే తెలుసుకోండి. పాలు పక్కన ఎందుకంటే, బ్యాగ్ ఉండగానే చల్లటి పాలు పోస్తే నీళ్ల వేడి పడిపోయి ఆకులో సారం అక్కడితో ఆగిపోతుంది. ముందు టీ దిగాలి, బ్యాగ్ బయటికి రావాలి, ఆ తర్వాతే పాలు. పాలలో ఉండే కేసీన్ అనే ప్రొటీన్ టీలో వగరుని పట్టేసుకుంటుంది కాబట్టి బాగా దిగిన బ్లాక్ టీకే పాలు నప్పుతాయి, చప్పటి టీలో పోస్తే పాల నీళ్లు తాగినట్టే.

ఒకచోట నాకు ఎదురైంది చెప్తాను. కప్పులో వేడినీళ్లు పోసి, సాసర్ మీద టీ బ్యాగ్ కవరుతో సహా పెట్టి, ట్రే ఇచ్చారు. బిల్లు తీసుకుని, ఖాళీ టేబుల్ వెతుక్కుని, కూర్చుని, కవరు చింపి బ్యాగ్ ముంచేసరికి నీళ్లు కాస్త గోరువెచ్చగా ఉన్నాయంతే. బ్యాగ్ పైన తేలుతూ ఉండిపోయింది, చుట్టూ లేత గోధుమరంగు. అడిగితే "ఎవరికి ఎంత స్ట్రాంగ్ కావాలో తెలియదు కదండీ, అందుకే విడిగా ఇస్తాం" అన్నారు. ఉద్దేశం మంచిదే, కానీ స్ట్రాంగ్‌గా కావాలో లైట్‌గా కావాలో బ్యాగ్ తీసే టైమ్‌తో తేల్చుకోవాలి, ముంచే టైమ్‌తో కాదు. బ్లాక్ టీకి నీళ్లు తాకిన మొదటి నిమిషంలో వేడే ప్రాణం. అందుకే "నేరుగా బ్యాగ్ మీద పోయండి" అనే మాట నేను ఎక్కడా వదిలిపెట్టను.

గ్రీన్ టీ అయితే: "కొంచెం చల్లనీళ్లు ముందు పోసి, దాని మీద వేడినీళ్లు పోసి, అప్పుడు ఆకు వేయండి." ఒకే కుళాయి ఉన్న ఒక షాపులో ఈ చిట్కా నాకు నేర్పింది కౌంటర్‌లో ఉన్న అమ్మాయే. నీళ్లు ఎంత వేడిగా ఉంటాయని అడిగితే దాపరికం లేకుండా "అన్నిటికీ ఇదేనండీ, గ్రీన్ టీకి ఎక్కువే అవుతుంది" అని, కప్పులో అడుగున చల్లనీళ్లు పోసి చేసిచ్చింది. ఆ షాపులో నేను తాగిన మంచి కప్పు అదే. లెక్క కూడా సరిపోతుంది: 95 డిగ్రీల నీళ్లు నాలుగు వంతులకి 20 డిగ్రీల నీళ్లు ఒక వంతు కలిపితే 80 అవుతుంది, కప్పు పీల్చుకునే వేడి పోగా ఇంకొంచెం తక్కువే.

"ఎక్స్‌ట్రా హాట్" అనే మాట జాగ్రత్తగా వాడండి. మనకి కావాల్సింది నానేటప్పుడు వేడి, తాగేటప్పుడు కాదు. 65 డిగ్రీలు దాటిన వేడితో పానీయాలు తాగడాన్ని క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న వాటి జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ 2016లో చేర్చింది. దిగిన టీని మూత తీసి కాసేపు ఉంచి తాగితే నాలుకకీ మంచిది, రుచీ బాగా తెలుస్తుంది.

అడుగు 5: కప్పు చేతికొచ్చాక పని మీదే

చాలా చైన్ షాపులు బ్యాగ్ కప్పులోనే ఉంచి మూత పెట్టి ఇచ్చేస్తాయి. అంటే నానబెట్టే పనిని మీకు ఒక్క మాటైనా చెప్పకుండా మీ మీదే వదిలేశారన్నమాట. "నాలుగు నిమిషాల తర్వాత బ్యాగ్ తీసేయండి" అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? సర్వీసులో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఈ ఒక్క మాట లేకపోవడమే.

సరే, ఎవరూ చెప్పరు కాబట్టి ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి. బ్లాక్ టీ 3 నుంచి 5 నిమిషాలు, ఊలాంగ్ 2 నుంచి 4, గ్రీన్ 1 నుంచి 3. నానేటప్పుడు మూత ఉంచండి, వేడి నిలుస్తుంది. టైమ్ అవ్వగానే బ్యాగ్ తీసేయండి, పిండొద్దు, చుక్కలు కారనిచ్చి పక్కన పెట్టండి. తాగేటప్పుడు మూత తీసేయండి, ఎందుకంటే టీ రుచిలో పెద్ద భాగం ముక్కుకే తెలుస్తుంది, చిన్న కన్నంలోంచి తాగితే ఆ సువాసన అందదు. బ్యాగ్ పెట్టుకోవడానికి ఒక ఖాళీ కప్పో చిన్న ప్లేటో ఆర్డర్‌తో పాటే అడగండి, లేకపోతే ఎక్కడ పెట్టాలో తెలియక లోపలే వదిలేస్తాం. కూర్చుని తాగేటట్టయితే పింగాణీ కప్పు, దాన్ని వేడినీళ్లతో ఒకసారి తొలిపి ఇమ్మని అడగండి.

అడుగు 6: ఐస్ టీ, బబుల్ టీ షాపుల్లో

ఇక్కడ టీ మీ కళ్లముందు తయారవదు. ఎక్కువగా ముందే పెద్ద మొత్తంలో కాచి పెట్టుకుంటారు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "ఇది ఎన్ని గంటలకి చేశారండీ?" చేసి చాలాసేపైందంటే, కొత్తది ఎప్పుడు చేస్తారో అడిగి ఆగడమో, ఇంకో రకం తీసుకోవడమో చేయండి. ఐస్ నిండా వేస్తే కరిగి పలచబడుతుంది, తక్కువ ఐస్ అడగండి. చక్కెర తగ్గించి చూస్తే టీ అసలు రుచి బయటపడుతుంది, పూర్తి తీపిలో చేదూ పాతదనం రెండూ దాక్కుంటాయి. చల్లబడ్డ బ్లాక్ టీ మసగ్గా కనిపిస్తే కంగారుపడొద్దు, కెఫీన్, పాలీఫినాల్స్ చల్లదనానికి ఒకదాన్నొకటి పట్టుకోవడం వల్ల అలా అవుతుంది, అది పాడైనట్టు కాదు. మెనూలో కోల్డ్ బ్రూ ఉంటే దాన్ని ప్రయత్నించొచ్చు. చల్లనీళ్లలో గంటల తరబడి నానడం వల్ల చేదు తక్కువగా దిగుతుంది, అక్కడ తొందరపాటుకి చోటు లేదు.

అడుగు 7: వెనక్కి ఇవ్వాల్సి వస్తే

రెండు గుక్కలు తాగగానే చెప్పండి. సగం కప్పు ఖాళీ చేసి చెప్తే వినేవాళ్లకి నమ్మకం కలగదు. గొంతు పెంచొద్దు, కౌంటర్‌లో ఉన్నవాళ్లు ఆ మెషీన్‌ని ఎంచుకోలేదు, ఆ కప్పు సైజులు నిర్ణయించలేదు, వాళ్లకి టీ గురించి ఎవరూ సరిగ్గా నేర్పించి ఉండకపోవచ్చు. "నీళ్లు వేడిగా లేవండీ, బ్యాగ్ దిగలేదు, ఇంకో బ్యాగ్ వేసి మరిగిన నీళ్లతో మళ్లీ చేసిస్తారా?" అని ఏం కావాలో చెప్పి అడిగితే నాకు చాలాసార్లు చేసిచ్చారు. ఉన్న కప్పులోనే ఇంకాసిని వేడినీళ్లు పోసి ఇస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు, అది ఇంకా చప్పబడుతుంది.

అడుగు 8: కంపెనీకి రాయండి, వివరాలతో రాయండి

ఒకసారి నేను కోపంలో "మీ టీ ఘోరంగా ఉంది" అని రాశాను. క్షమాపణతో పాటు ఒక కూపన్ వచ్చింది. ఆ కూపన్‌తో తెచ్చుకున్న కప్పు కూడా సరిగ్గా అలాగే ఉంది. అది వాళ్ల తప్పు ఎంతో నా ఉత్తరం తప్పూ అంతే, సరిచేయడానికి అందులో ఏ సమాచారమూ ఇవ్వలేదు.

ఇప్పుడు ఇలా రాస్తున్నాను: "ఫలానా బ్రాంచిలో, ఫలానా తేదీన, సాయంత్రం ఇన్ని గంటలకి పెద్ద కప్పు బ్లాక్ టీ తీసుకున్నాను. ఒకటే బ్యాగ్ వేశారు. నీళ్లు కాఫీ మెషీన్ నుంచి పట్టారు, బ్యాగ్ విడిగా ఇచ్చారు. ఎంతసేపు నాననివ్వాలో చెప్పలేదు. పెద్ద కప్పుకి రెండు బ్యాగులు వేయడం, నీళ్లు బ్యాగ్ మీద నేరుగా పోయడం, కప్పు మీద నానబెట్టే టైమ్ ముద్రించడం, ఈ మూడింట్లో ఏది చేయగలరో చెప్పండి." బిల్లు ఫొటో జతచేయండి. సిబ్బంది పేరు రాయొద్దు. బ్యాడ్జి మీద కనిపించినా రాయొద్దు, లోపం పద్ధతిలో ఉన్నప్పుడు శిక్ష ఆ పిల్లల మీద పడకూడదు. ఎవరైనా బాగా చేసిచ్చినప్పుడు మాత్రం పేరుతో సహా మెచ్చుకుంటూ రాయండి. చల్లనీళ్ల చిట్కా చెప్పిన అమ్మాయి గురించి నేను రాశాను.

అడుగు 9: అదే ఆకుతో ఇంట్లో పరీక్ష

అన్నీ అడిగి చేయించుకున్నా కప్పు కుదరడం లేదంటే ఆకునే అనుమానించాలి. అదే టీ ఓ చిన్న ప్యాకెట్, లేదా రెండు బ్యాగులు కొని తెచ్చుకోండి. కప్పుని వేడినీళ్లతో తొలిపి, 2 గ్రాములు వేసి, 200 మి.లీ. నీళ్లు ఆ రకానికి తగ్గ వేడితో పోసి, మూతపెట్టి, టైమ్ చూసి వడకట్టండి. గ్రాముల త్రాసు లేకపోతే బ్యాగ్‌తోనే చేయండి. చెంచా కొలత విడి ఆకుకి నమ్మకం కాదు, పెద్ద ఆకు చెంచాడు ఉన్నా బరువు తక్కువ తూగుతుంది, సన్నపొడి ఎక్కువ తూగుతుంది. మీ ఇంటి నీళ్లలో కాల్షియం లాంటి లవణాలు బాగా ఎక్కువుంటే ఫిల్టర్ చేసినవి వాడండి, లేకపోతే ఆకు తప్పో నీళ్ల తప్పో తేలదు. మీరుండేది ఎత్తైన చోటైతే నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, సుమారు ప్రతి 300 మీటర్లకి ఒక డిగ్రీ తగ్గుతుంది, అలాంటప్పుడు బ్లాక్ టీకి ఇంకో నిమిషం ఇవ్వండి.

ఇంట్లో బాగా వచ్చిందంటే ఆకు మంచిదే. 8వ అడుగులో రాసే ఉత్తరంలో ఈ సంగతి కూడా చేర్చండి, మీ ఆకుతోనే నాకు ఇంట్లో మంచి టీ వస్తోంది అని రాస్తే ఆ మాటకి వాళ్లు జవాబు చెప్పక తప్పదు. ఇంట్లో కూడా చప్పగానో గడ్డివాసనతోనో వస్తే ఆకు పాతబడిపోయి ఉండొచ్చు. ప్యాకెట్ మీద తేదీ చూసి, మిగిలింది తీసుకెళ్లి అదే కౌంటర్ మీద పెట్టి మార్చమని అడగండి.